సున్నితమైన కడుపు, పాత జీపు

ఆ వానాకాలం మా ఇంటికి ముందు వాసన వచ్చింది, తర్వాత జీపు వచ్చింది.

లారీ ఇంకా వీధి మలుపు తిరగలేదు. నేను మామయ్యగారి మడమకి కట్టు మారుస్తున్నాను. తడిసిన కుక్క, తుప్పు, కుళ్ళిన గడ్డి, మూడూ కలిపి ఎండబెట్టకుండా మూట కడితే ఎలా ఉంటుందో అలాంటి వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. మంచంలో ఉన్న మామయ్యగారు ముక్కెగరేసి చూసి, కాస్త సిగ్గుపడుతూ, "నాదేనా అమ్మాయ్?" అన్నారు.

"మీది నాకు తెలుసు మామయ్యగారూ. ఇది వేరే ఎవరిదో."

ఆ వేరే ఎవరిదో కాస్తా మా గుమ్మం ముందే ఆగింది. లారీ మీద మా ఆయన నిలబడి ఉన్నారు, ఏనుగు మీద ఊరేగుతున్నవాడిలా. ఆయన పక్కన తాళ్ళతో కట్టేసిన ఒక ఇనప కళేబరం. నాలుగు చక్రాలు నాలుగు రకాలు. బానెట్టు లేదు. బానెట్టు ఉండాల్సిన చోట ఇంజను సందులోంచి ఏదో పిచ్చిమొక్క మొలిచి పువ్వు కూడా పూసింది.

"యుద్ధాల కాలం నాటిదోయ్! ఎంతటి కొండైనా ఎక్కేస్తుంది!" అని లారీ మీదినుంచే కేకేశారు.

మా ఇంటి చుట్టుపక్కల కొండలు లేవు. ఆయన ఆఫీసుకి వెళ్ళే దారిలో ఒక స్పీడుబ్రేకరు ఉంది.

మామయ్యగారు సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా ఇలాంటి జీపుల్లోనే తిరిగారు. కిటికీ ఊచల్లోంచి కాసేపు చూసి, "ఆ దరిద్రంలో కూర్చుని కూర్చునే నా నడుం ఇలా తగలడింది. నన్ను వెతుక్కుంటూ ఇంటికే వచ్చిందన్నమాట," అని అటు తిరిగి పడుకున్నారు.

ఎండాకాలంలో స్నానాలగదిలో జారిపడి ఆయనకి తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో అది అతకడమే గొప్ప. లేచి నడవడం మాత్రం ఇంక లేదన్నారు. మంచం మీదే అన్నీ. ఎంత కదిలిస్తున్నా మడమ దగ్గర పుండు పడింది. పైగా షుగరు. రోజూ పొద్దునా సాయంత్రం కడిగి మందు వేసి కట్టు కట్టాలి. మనిషిని పెట్టుకుందామంటే, వచ్చిన ఇద్దర్నీ మామయ్యగారు తిట్టి తరిమేశారు. నన్ను మాత్రం తిట్టరు. అదో గౌరవం.

వాన తగ్గదు, జీపు తడవకూడదు. ఇంట్లో కప్పున్న ఖాళీ జాగా ఒక్కటే, మామయ్యగారి గది బయట వరండా. దాంతో జీపుకీ ఆయనకీ మధ్య ఒక గోడా, ఒక కిటికీ మిగిలాయి. ఇద్దరికీ నట్లు వదులైపోయాయి కాబట్టి ఒకరికొకరు తోడుగా ఉంటారని నేను సరిపెట్టుకున్నాను.

మొదటిరోజే మా ఆయన వెనక సీటు పీకారు. దాని కింద ఎలకల గూడు ఉంది. పీచూ, కాగితాలూ, వెంట్రుకలూ, వాటి మధ్య గులాబి రంగులో ఏవో చిన్నచిన్నవి, కొన్ని కదులుతూ, కొన్ని కదలకుండా. నేను టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన మాత్రం రెండు చేతులూ గూట్లోకి పెట్టి, మొత్తం దోసిలితో ఎత్తి, ప్రహరీ అవతల పారేసి వచ్చి, చేతులు పంచెకి తుడుచుకుని అదే చేత్తో టీ గ్లాసు అందుకున్నారు.

"ఎంత లోపలిదాకా తినేశాయో చూశావా!" అన్నారు, ఎంతో ముచ్చటగా.

నేను ఆ చేతులు చూస్తూ నిలబడ్డాను. ఎందుకు చూశానో చెప్పాలంటే ఆయన కడుపు గురించి చెప్పాలి.

మా ఆయన కడుపు సున్నితం. ఈ సంగతి నేను కాపురానికి వచ్చిన కొత్తల్లోనే మా అత్తగారు చెప్పారు, ఇంట్లో నీళ్ళ మోటారు స్విచ్చి ఎక్కడుందో చెప్పినట్టుగా. "వాడికి అలాంటివి పడవమ్మా. చూస్తే చాలు, డోకొచ్చేస్తుంది." అలాంటివి అంటే ఏమిటో నాకు క్రమంగా తెలిసింది. మా అమ్మాయి పసిగుడ్డుగా ఉన్నప్పుడు పాలు కక్కితే, పక్కగదిలో ఈయన అంతకంటే గట్టిగా కక్కేవారు. ఇద్దరికీ నేనే తుడిచేదాన్ని. మా అత్తగారు మంచం పట్టిన చివరి నెలల్లో ఈయన గుమ్మం దగ్గర నిలబడి, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "ఎలా ఉందమ్మా?" అనేవారు. ఆవిడ, "నువ్వు లోపలికి రాకు నాన్నా, నీకు పడదు," అనేవారు. నిజంగా ఎంతో ప్రేమగానే అనేవారు. ఇప్పుడు అమ్మాయి హాస్టల్లో ఉంది, అత్తగారు లేరు, మామయ్యగారున్నారు. మా ఆయన కడుపు ఇంకా సున్నితంగానే ఉంది.

వరండాలో ఇంజను విప్పడం మొదలైన రోజుల్లోనే అక్క ఫోన్ చేసింది.

మా అక్క వేరే ఊళ్ళో లైబ్రరీలో పనిచేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎవర్నీ ఏదీ అడగదు. అడగాల్సి వస్తే ముందు గొంతు సవరించుకుని, వాతావరణం గురించి మాట్లాడి, ఫోన్ పెట్టేయబోతున్నట్టు నటించి అప్పుడు అడుగుతుంది.

"ఏం లేదే... గర్భసంచి తీసేయాలన్నారు. వచ్చే నెల మొదట్లో. తర్వాత ఓ రెండు వారాలు వంగకూడదట, బరువులెత్తకూడదట. నీకు వీలైతేనే సుమా. వీలుకాకపోతే నేనేదో చూసుకుంటాను."

"వస్తాను," అన్నాను. ఆలోచించకుండానే అన్నాను. అక్క జీవితంలో నన్ను అడిగింది అదొక్కటే.

ఆ సాయంత్రం వరండాలోకి వెళ్ళి ఆయనకి చెప్పాను. ఆయన జీపు కింద ఉన్నారు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కాళ్ళతోనే మాట్లాడాను.

"అక్క దగ్గరికి వెళ్ళాలండీ. రెండు వారాలు."

"వెళ్ళు. దానికేం?" అన్నాయి కాళ్ళు.

"మామయ్యగారిని మీరు చూసుకోవాలి మరి."

కాళ్ళు కదలడం మానేశాయి. కాసేపటికి మొత్తం మనిషి బయటికి జారుకుంటూ వచ్చి లేచి కూర్చున్నారు. మొహమంతా నల్లటి జిడ్డు. కనుబొమల మీద కూడా ఉంది.

"చూసుకోవాలంటే... అదంతానా?"

"అదంతానే. అదే కదా చూసుకోవడమంటే."

"నీకు తెలుసు కదోయ్. నాకు కడుపులో దేవేస్తుంది. చేయకూడదని కాదు. శరీరతత్వం. డాక్టర్లే అంటారు, కొందరికి అలా ఉంటుందని."

"ఏ డాక్టరు?"

"మన పళ్ళ డాక్టరే అన్నాడు."

పళ్ళ డాక్టరు ఆయన జీపు స్నేహితుల్లో ఒకడు. ఇంకొకాయన బీమా ఆఫీసులో రిటైరైనాయన. నేను ఆయన్ని మనసులో ఒరిజినల్‌గారు అనుకునేదాన్ని, మాట మాటకీ ఆ ఒక్క మాటే వాడతాడు కనక. ఇది ఒరిజినల్ కాదు, అది ఒరిజినల్, ఈ బోల్టు ఒరిజినల్ కానీ తల ఒరిజినల్ కాదు. ఆదివారాలు ఇద్దరూ పొద్దున్నే వచ్చేవారు. ముగ్గురూ వరండాలో గేరుబాక్సు చుట్టూ చతికిలబడితే, దూరం నుంచి చూసేవాళ్ళకి ఎవర్నో సాగనంపడానికి వచ్చిన బంధువుల్లా ఉండేవారు. గేరుబాక్సులోంచి తీసిన పాత నూనెని ఒరిజినల్‌గారు వేలితో తీసి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పళ్ళ డాక్టరు తన ఆస్పత్రిలో పనికిరాని కొక్కేలు తెచ్చి ఇంజను సందుల్లో గార గీకేవాడు. ఎవరి నోట్లో పెట్టినవో అని నేనడగలేదు.

ఒక ఆదివారం వాళ్ళకి కడగడానికి పెట్రోలు కావాల్సి వచ్చింది. మా ఆయన తన స్కూటరు ట్యాంకులోకి రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చారు. పెట్రోలు నోరంతా వచ్చేసింది. నా పూలకుండీలోకి తుపుక్కున ఊసి, పకపకా నవ్వి, "ఒక గుక్క లోపలికి పోయింది!" అన్నారు. అంటూనే పళ్ళెంలో నేను పెట్టిన వేడివేడి పకోడీ ఒకటి నోట్లో వేసుకున్నారు.

నేను దగ్గరికెళ్ళి చాలా మర్యాదగా అడిగాను. "మీ కడుపుకి పడిందా అండీ?"

"పెట్రోలు శుభ్రమైందోయ్."

"మరి ఆ ఎలకల గూడు?"

"అది బండిలోది."

"బండిలోదైతే?"

ఆయన నన్ను పెద్ద చదువులు చదివి కూడా ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూశారు. "మనిషి మురికి వేరు, యంత్రం మురికి వేరు. ఇది మురికి కాదు, పని."

ఒరిజినల్‌గారు తల ఊపాడు. "కరెక్టమ్మా. ఇది ఒరిజినల్ మురికి."

లోపల గదిలో మామయ్యగారు దగ్గారు. దగ్గో నవ్వో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే కట్టు మార్చబోతే స్పిరిటు సీసా కనబడలేదు. దూది చుట్ట లేదు, గాజుగుడ్డ చుట్టలు లేవు. చివరికి మందులు పెట్టుకునే స్టీలు ట్రే కూడా లేదు. ఇల్లంతా వెతికి వరండాలోకి వెళ్ళాను. ట్రే అక్కడుంది. దాంట్లో కార్బురేటరు ముక్కలు ముక్కలుగా విప్పి, తెల్లటి గాజుగుడ్డ మీద వరసగా పేర్చి ఉంది. స్పిరిటు సీసా ఖాళీ. సన్నటి ఇత్తడి ముక్క ఒకటి ఆయన చేతిలో ఉంది. దాని చిల్లులోంచి దీపం వైపు చూస్తున్నారు.

"జెట్టు కడిగాను. స్పిరిటుతో కడిగితే అద్దంలా వచ్చింది. చూడు, చూడు, ఇటొచ్చి చూడు."

"అది మామయ్యగారి పుండుకి కడిగేది."

"అయ్యో, అలాగా? అలమారలో ఉంటే ఇంట్లోదనుకున్నాను. రేపు తెచ్చేస్తాలే."

"రేపటిదాకా ఆయన కాలు ఆగదు."

"వాన కదా బయట," అన్నారు, నిజంగా బాధపడుతూ. ఆ బాధ ఎవరి కోసమో నాకు ఇప్పటికీ తెలియదు.

నేనే గొడుగేసుకుని మందుల షాపుకి వెళ్ళొచ్చాను. చీర మోకాళ్ళదాకా తడిసింది. నేను తిరిగొచ్చేసరికి ఆయన కార్బురేటరు ముక్కల మీద పొడి గుడ్డ కప్పి, చెమ్మ తగలకుండా జాగ్రత్త చేస్తున్నారు. చుట్టూ మడతలు కూడా సర్దారు, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు.

అయినా ఒక ప్రయత్నం చేద్దామనుకున్నాను. అక్క ఆపరేషన్ దగ్గరపడుతోంది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చాక, "ఒక్కసారి చూడండి. పెద్ద విద్యేం కాదు. రెండుసార్లు చూస్తే వచ్చేస్తుంది," అని బతిమాలి గదిలోకి తీసుకొచ్చాను. జేబురుమాలు మొహానికి బందిపోటులా కట్టుకుని వచ్చారు. నేను పాత కట్టు విప్పాను. చివరి పొర అంటుకుపోయి ఉంది, నీళ్ళతో తడుపుతూ మెల్లగా లాగాలి. అది ఊడిందో లేదో, వెనకనుంచి ఒక శబ్దం వచ్చింది. గొట్టంలో గాలి ఇరుక్కున్నట్టు. ఆయన గోడ పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ, బయటికి పరుగు తీశారు.

పెరట్లో రెండు ఓకరింతలు వినిపించాయి. తర్వాత పంపు నీళ్ళ చప్పుడు. ఆ తర్వాత, ఇంకా కట్టు సగం కూడా కట్టకముందే, వరండాలో పానా చప్పుడు మొదలైంది.

మామయ్యగారు గోడవైపు తిరిగారు. "వాణ్ణి పిలవకు అమ్మాయ్," అన్నారు. "నేను వాడికి కంపు."

కట్టు ముడి వేసి, చేతులు కడుక్కుని, అక్కకి ఫోన్ చేసి, రాలేనని చెప్పాను.

"అయ్యో, దానికేముందే," అంది అక్క. గొంతు సవరించుకోలేదు, వాతావరణం మాట ఎత్తలేదు. "పక్కింటావిడ ఉంటానంది. నువ్వు మామయ్యగారిని చూసుకో."

అక్కకీ పక్కింటావిడకీ చెత్తబుట్ట దగ్గర గొడవై మాటల్లేక ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు.

ఆ తర్వాత కొన్ని రోజులు నేను ఎలా ఉన్నానంటే, ఆ ఇంట్లో ఏది ముట్టుకున్నా జిడ్డుగానే అనిపించేది. తలుపు గడియ మీద నల్లటి వేళ్ళు. చక్కెర డబ్బా మూత మీద నల్లటి వేళ్ళు. తువ్వాలు ఉతికితే బకెట్లో నీళ్ళ మీద రంగుల తెట్టె తేలేది. భోజనాల బల్ల మీద ఆయన పిస్టన్లు పెట్టుకుని ఉప్పుకాగితంతో రుద్దుతూ, "ఎంత మెరుపొచ్చిందో చూడు," అంటుంటే, అన్నం కలుపుకున్న దాన్ని కలుపుకున్నట్టే వదిలేసి లేచేదాన్ని. నేను ఒకటి గమనించాను. నాకు వికారం పుట్టించేది ఆ జిడ్డు కాదు. ఆయన మొహంలోని ఆ ముచ్చట.

ఇక బెడ్‌పాన్ సంగతి.

అది పొద్దుటి పూట. అక్క ఆపరేషన్ ఎల్లుండి. వాన జల్లు పడుతోంది. నేను బెడ్‌పాన్ కడిగి పెరటి గోడ మీద బోర్లించి వంటింట్లోకి వెళ్ళాను. మామయ్యగారు పిలిచారు. "అమ్మాయ్, కాస్త త్వరగా." గోడ దగ్గరికి వెళితే అది లేదు. కింద పడిందేమోనని చూశాను. లేదు. గదిలోంచి మళ్ళీ పిలుపు. ఈసారి గొంతులో తొందరతోపాటు బతిమాలడం కూడా ఉంది. ఆ వయసు మనిషి గొంతులో అది వినకూడదు.

వరండాలోకి పరుగెత్తాను.

ఆయన జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఇంజను అడుగు బోల్టు తీశారు. నల్లటి నూనె తాడులా జారుతోంది. జారి బెడ్‌పాన్‌లో పడుతోంది. నేను కడిగిన బెడ్‌పాన్, మామయ్యగారి బెడ్‌పాన్, ఇంజను కింద సరిగ్గా సరిపోయింది. పల్లంగా, వెడల్పుగా, పట్టుకోవడానికి పిడితో సహా. ఆయన చెంప దాని అంచుకి జానెడు దూరంలో ఉంది. నా కళ్ళముందే చూపుడు వేలు దాంట్లో ముంచి, పైకి తీసి, రుద్ది చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇనప రజను లేదోయ్!" అన్నారు, నా పాదాలు చూసి. "ఇంజను లోపల బంగారం."

ఆయనకి డోకు రాలేదు. గొట్టంలో గాలి ఇరుక్కోలేదు. చెయ్యి గాల్లో ఊపలేదు.

"అది దేనిదో తెలుసా మీకు?" అనడిగాను.

"ఏది? ఇదా? నాన్నదేగా. కడిగే ఉంది కదా. నూనె కారిపోతోంది, చేతికందిందని తీసుకున్నా. మళ్ళీ కడిగేస్తాలే."

కోపం వస్తుందని చూశాను. రాలేదు. పళ్ళెం అడుగున పురుగు కనబడితే తిండి పక్కకి జరిపేస్తామే, అలా ఏదో నెమ్మదిగా పక్కకి జరిగింది.

"కడిగి తీసుకురండి," అన్నాను. "మామయ్యగారు అడుగుతున్నారు."

నేను గదిలోకి వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. మామయ్యగారు కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నారు. ఆయన్ని కడిగాను, దుప్పటి మార్చాను, పొడి పంచె కట్టాను. మడమకి మందు వేసి కట్టు కట్టాను. అన్నీ ఎప్పుడూ చేసేవే. అన్నీ అయ్యాక మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మామయ్యగారూ, నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను. మధ్యాహ్నం బస్సుకి."

ఆయన కళ్ళు తెరిచారు. వరండా వైపు చూశారు, నా వైపు చూశారు. సర్వేయరు కదా, రెండు చోట్ల మధ్య దూరం చూపుతోనే కొలిచేస్తారు.

"వాడితో చెప్పావా?"

"చెప్తాను, బస్సెక్కాక."

"వాడు రాకపోతే?"

"మీ ఇష్టం మామయ్యగారూ. మీరు వద్దంటే ఆగుతాను."

వరండాలో ఈలపాట వినిపిస్తోంది. ఆయన నెమ్మదిగా అన్నారు. "కొండల్లో కొలతలకి వెళ్ళేవాణ్ణి. ఈ కొండ మీంచి ఆ కొండ మీద కొలతగొలుసు పట్టుకున్నవాడికి వినపడాలి. మైకులు లేవు అప్పుడు. గొంతే." కాస్త ఊపిరి తీసుకున్నారు. "ఇంకా ఉందనుకుంటాను ఆ గొంతు. వీధి బయటికి వినబడితే నీకేమన్నా అభ్యంతరమా?"

"లేదండీ."

"అయితే వెళ్ళు. అక్కకి నా ఆశీస్సులు చెప్పు."

మందులు వరసగా పెట్టాను. దుప్పట్లు ఉతికినవి మంచం కింది పెట్టెలో పెట్టాను. సంచీ తీసుకుని వంటింటి తలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు ఆయన జీపు కిందే ఉన్నారు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. వాటికి చెప్పదలచుకోలేదు.

బస్సెక్కాక ఆయనకి మెసేజి పెట్టాను; ఆయన మొదటి ఫోన్ అక్క ఇంటికి చేరకముందే వచ్చింది. అది పూర్తిగా అరుపులు కాబట్టి చెప్పనక్కర్లేదు. రెండోది మర్నాడు వచ్చింది. ఈసారి గొంతు నీరసంగా ఉంది.

"నాన్న అరుస్తున్నారు. వీధి వీధంతా బయటికొచ్చి చూస్తోంది."

"ఏమని అరుస్తున్నారు?"

"నా పేరు. నా పూర్తి పేరు. నా హోదా. మా ఆఫీసు పేరు. పొద్దున్నే మా మేనేజరు అటుగా వాకింగుకెళ్తాడని నీకు తెలుసు కదా."

"తెలుసు. వెళ్ళారా మరి లోపలికి?"

"వెళ్ళాను." కాస్త ఆగారు. "వాంతయింది."

"ఎవరికి?"

"నాకే."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆయనదీ నాదీ కలిపి తుడిచాను."

"సబ్బుపొడి కింది అరలో ఉంది. వేడినీళ్ళు వాడండి, చన్నీళ్ళకి పోదు," అని పెట్టేశాను.

ఆపరేషనయ్యాక అక్కకి ఈ సంగతులన్నీ చెప్పాను. ఆవిడ కడుపు రెండు చేతులతో అదిమి పట్టుకుని, "నవ్వించకే ముండా, కుట్లు ఊడతాయి," అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రెండు వారాలూ మేము చిన్నప్పటిలా ఒకే గదిలో పడుకున్నాం. ఆవిడ జుట్టు దువ్వాను. తల రుద్దాను. పక్కింటావిడ ఒకరోజు సొరకాయ తెచ్చిచ్చి, చెత్తబుట్ట గురించి క్షమాపణ చెప్పి వెళ్ళింది. ఆయన ఫోన్లు క్రమంగా మారాయి. ముందు ఎప్పుడొస్తావు అన్నారు. తర్వాత గాజుగుడ్డ అంటుకుపోతే ముందు తడపాలా అన్నారు. చివర్లో అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టారు.

నేను తిరిగొచ్చేసరికి వాన వెనకబట్టింది. మామయ్యగారు శుభ్రంగా ఉన్నారు. మడమ కూడా, నిజం చెప్పాలంటే, అధ్వాన్నం కాలేదు. గదిలో మా ఆడపడుచు కూర్చుని ఉంది. అన్నయ్య చేస్తున్న సేవ గురించి విని చూడ్డానికి వచ్చిందట. నన్ను చూడగానే లేచొచ్చి చేతులు పట్టుకుంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"వదినా, మగవాడై ఉండి, స్వయంగా తన చేతుల్తో! మా అన్నయ్య లాంటి కొడుకు ఎక్కడుంటాడు చెప్పు? ఎదురింటివాళ్ళు కూడా అదే అంటున్నారు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది."

ఆయన గుమ్మంలో నిలబడి వినయంగా నేల చూస్తున్నారు.

ఆ వానాకాలం అంతటిలో, ఎలకల గూడు దగ్గర రానిది, బెడ్‌పాన్ దగ్గర రానిది, అసలైన డోకు నాకు అప్పుడొచ్చింది. మంచినీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడాల్సొచ్చింది. ఎన్నో ఏళ్ళుగా నేను ఈ ఇంట్లో కడిగినవాటిని లైనుగా పేరిస్తే ఏ కొండ ఎక్కుతాయో. ఎవరికీ ఏడుపు రాలేదు.

ఆ సాయంత్రం నేను కట్టు మారుస్తుంటే ఆయన వెనకనుంచి వంగి చూశారు. "అలా కాదోయ్. నువ్వు మరీ బిగిస్తావు. గాలాడాలి. నేనైతే కింద ఒక పొర వదులుగా వేసి..."

"అలాగా," అన్నాను. గాజుగుడ్డ చుట్ట ఆయన చేతిలో పెట్టాను. "అయితే మీరే కట్టండి."

ఆ చుట్ట నేను మళ్ళీ తీసుకోలేదు.

జీపు స్టార్టయిన రోజు ఎండ కాసింది. ఆదివారం. ఒరిజినల్‌గారు, పళ్ళ డాక్టరు పొద్దున్నుంచే ఉన్నారు. పొగ, దగ్గు, మళ్ళీ పొగ. మధ్యాహ్నానికి నేను వడ్డింపులన్నీ ముగించి, కిటికీ దగ్గర బల్ల మీద నా భోజనం వడ్డించుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడు ఇంజను అందుకుంది. ఇల్లంతా అదిరింది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. ఒరిజినల్‌గారు గాల్లోకి ఎగిరాడు. "ఆపకండి! ఎంతమాత్రం ఆపకండి! ఓ గంట అలా తిరగనివ్వాలి. ఇప్పుడాగితే మళ్ళీ మొదటికే!" మా ఆయన స్టీరింగు వెనక కూర్చుని, నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు.

"ఒరేయ్!"

ఇంజను రొదలోంచి కూడా వినిపించింది. కొండ మీంచి కొండ మీదికి వినబడే గొంతు. "అమ్మాయ్" కాదు, "ఒరేయ్."

ముగ్గురూ ఒకేసారి కిటికీలోంచి నా వైపు చూశారు. నేను ముద్ద కలుపుకుంటున్నాను.

"ఒరేయ్! త్వరగా!"

మా ఆయన నన్నే చూస్తున్నారు. నేను పచ్చడి కాస్త పక్కకి జరిపాను, ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆయన తాళంచెవి మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత తిప్పారు. ఇంజను దడదడలాడి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒరిజినల్‌గారు "అయ్యయ్యో" అనడం స్పష్టంగా వినిపించింది. మా ఆయన పంపు దగ్గరికెళ్ళి మోచేతులదాకా సబ్బు పెట్టి కడుక్కున్నారు. లోపలికెళ్ళి తలుపు మూసుకున్నారు.

తలుపు మూసుకునేలోపే వరండాలోకి వాసనొచ్చి సంగతి తెలిసిపోయింది. గేరునూనెని అత్తరులా పీల్చే ఒరిజినల్‌గారు చొక్కా కాలరు ముక్కుమీదికి లాక్కున్నాడు. పళ్ళ డాక్టరుకి ఎవరో పేషెంటు గుర్తొచ్చాడు. చెప్పులేసుకుంటూ ఒరిజినల్‌గారు కిటికీ దగ్గర ఆగాడు.

"మీరున్నారు కదమ్మా ఇంట్లో. పాపం ఆయనెందుకు..."

"తింటున్నానండీ," అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. లోపల మామయ్యగారు, "చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయిరా వెధవా," అంటుంటే, ఆయన, "కదలకండి నాన్నా," అంటున్నారు. నాకు జాలి వేయలేదు. సంతోషం కూడా వేయలేదు. మజ్జిగ పోసుకుని తీరిగ్గా తిన్నాను. కంచం కడిగి బోర్లించి, లోపలి గదిలోకి వెళ్ళి పడుకున్నాను. కాసేపటికి ఆయన దుప్పటి ఆరేసి వచ్చి, వరండాలో ఒక్కరే, మళ్ళీ ఇంజనుతో తంటాలు పడటం మొదలుపెట్టారు. పట్టుకుంటుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. ఆ చప్పుడుకి ఎవరికైనా నిద్రాభంగమే. నేను మాత్రం దీపాలు పెట్టే వేళదాకా లేవలేదు.